చిల్లర్ గారికి, ఎడమ మూల నుంచి

బ్రాండన్ చిల్లర్ గారికి,

నేను విజయవాడ సింగ్ నగర్‌లో ఉంటాను. ముప్పై ఒక్కేళ్ళు హైస్కూళ్ళలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగం రాకముందు, వచ్చాక కూడా కొన్నాళ్ళు, ఉయ్యూరు దగ్గర మా ఊరి చెడుగుడు జట్టులో ఎడమ మూల కాచాను. మీకు తెలుగు రాదు. టెక్సస్‌లో ఉన్న మా మనవడు మీకు ఇంగ్లీషులో చెప్పి పంపిస్తానన్నాడు గానీ, వాడి తెలుగు సంగతి నాకు తెలుసు కాబట్టి ఆ ఆశ పెట్టుకోలేదు. బహిరంగ లేఖలో ఉన్న సుఖమే అది. పేరు ఒకరిది ఉంటుంది, వినాల్సినవాళ్ళు పక్క బెంచీ మీద కూర్చుని ఉంటారు.

ముందు మీ ఇంటిపేరు సంగతి తేల్చుకోవాలి. మా భాషలో చిల్లర అంటే రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు. సిటీ బస్సు కండక్టరు దగ్గర ఏనాడూ ఉండనిది. పనికిమాలినవాణ్ణి చిల్లర మనిషంటాం, తేలిగ్గా మాట్లాడితే చిల్లర మాటలంటాం. మనవడు మొదటిసారి మీ పేరు చెప్పినప్పుడు నవ్వాగలేదు, క్షమించాలి. కానీ ఆ రాత్రి పడుకున్నాక ఆలోచిస్తే, ఆ పేరు మీకు తగిలించిన దేవుడెవరో ఆట తెలిసినవాడే అనిపించింది. మా చెడుగుడులో కూతకు వెళ్ళేవాడు అయిదొందల నోటు. ఒక్క కూతలో ముగ్గుర్ని తాకి వచ్చాడంటే ఊరంతా ఈలలే. వెనక మూలన నిలబడి వచ్చినవాణ్ణి పట్టి పడేసేవాడికి ఎప్పుడూ ఒక్క పాయింటే. ఒకటి, ఒకటి, ఒకటి. చివర్లో గెలిచిన తేడా లెక్కేస్తే అది ఆ చిల్లరలోంచే వచ్చి ఉంటుంది, కాకపోతే ఎవరూ లెక్కేయరు.

మీరెలా పరిచయమయ్యారో చెబుతాను. మా అబ్బాయి ఫ్రిస్కోలో ఉంటాడు. కృష్ణా జిల్లా సగం అక్కడే ఉందేమో అనిపించే ఊరది. గుడి దగ్గర, కిరాణా కొట్టు దగ్గర గుడివాడ వాళ్ళు, పామర్రు వాళ్ళు, మొవ్వ వాళ్ళు ఎదురవుతుంటారు. అక్కడికి వెళ్ళినప్పుడు ఒక శుక్రవారం రాత్రి మనవడి స్కూలు ఆటకు తీసుకెళ్ళారు. హెల్మెట్లు, భుజాల మీద దిమ్మెలు, మైదానం మీద పట్టపగల్లా దీపాలు. బంతి ఎక్కడుందో అరగంటసేపు నాకు అర్థం కాలేదు. అయితే మనవడు ఎక్కడ నిలబడ్డాడో చూడగానే వాడి పని అర్థమైపోయింది. ముందు వరసలో లావుపాటి కుర్రాళ్ళు ఒకళ్ళనొకళ్ళు నెట్టుకుంటున్నారు. వాళ్ళ వెనక రెండడుగుల దూరంలో మోకాళ్ళు వంచి, చేతులు వదులుగా వేలాడేసి, ఎదుటివాడి బొడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు మావాడు. 'వీడు నాలాగే నుంచున్నాడే' అన్నాను. మా కోడలు 'అవును మామయ్యగారూ, దెబ్బలు తగిలే చోటే నుంచున్నాడు' అంది.

లైన్‌బ్యాకర్ అంటారట ఆ చోటుని. ఇంటికొచ్చాక మనవడు టీవీలో పాత ఆటలు పెట్టి, 'తాతయ్యా, ఇదే చోట మనవాడొకడు ఆడాడు' అని మిమ్మల్ని చూపించాడు. మనవాడు అంటే తెలుగువాడని కాదు, తండ్రి భారతీయుడని. తల్లి ఇటాలియన్ అని కూడా చెప్పాడు. అంత దూరం వెళ్ళాక మనవాళ్ళన్న మాటకి సరిహద్దులు కాస్త జరుగుతాయి, ఏమనుకోకండి.

అక్కణ్ణించి మీ ఆట జీవితం మొత్తం తిరగేశాను, రిటైరైనవాడికి పనేముంది. 1982లో పుట్టారు. కాలిఫోర్నియాలో కార్ల్స్‌బాడ్ హైస్కూలు, ఆ తర్వాత యూసీఎల్ఏ. 2004లో సెయింట్ లూయిస్ ర్యామ్స్ వాళ్ళు నాలుగో రౌండులో తీసుకున్నారు. అంటే మీకంటే ముందు 129 మందిని ఎవరో ఒకరు ఏరుకున్నాక మీ పేరు పిలిచారు. నలుగురు పెళ్ళికొడుకులు చూసి వదిలేసిన సంబంధంలా ఉంటుంది ఆ పిలుపు, కానీ పీటల మీద కూర్చున్నాక ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది? నాలుగేళ్ళు అక్కడ, 2008 నుంచి గ్రీన్‌బే ప్యాకర్స్‌లో మూడేళ్ళు. బంతి విసిరే సమయంలో ఎదుటి ఆటగాడి వెంట పరుగెత్తి అతనికి అందకుండా చూడటం మీ ప్రత్యేకత అని మనవడు చెప్పాడు. గుద్దడం చాలామందికి వస్తుంది. కనిపెట్టుకుని ఉండటం కొందరికే వస్తుంది.

ఇక్కడ మా ఎడమ మూల గురించి కొంచెం చెప్పుకోనివ్వండి, అలవాటు.

మా డెల్టాలో వరి కోయకముందే తడి నేలలో మినుములు చల్లేస్తారు. అందుకని సంక్రాంతికి పొలాలు ఖాళీగా ఉండవు. కుప్ప నూర్చిన కళ్ళమే మా బరి. నల్లరేగడి ఎండితే రాయి, తడిస్తే బంక. కాలువ ఇసుక నాలుగు బళ్ళు తెచ్చి పోసి, దాని మీద ఊక చల్లి, ముగ్గుతో గీతలు గీసేవాళ్ళు. ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీకి చెరకు తోలుకెళ్ళే బళ్ళు దారిలో ఆగిపోయేవి, బళ్ళతోలేవాళ్ళే మా మొదటి ప్రేక్షకులు. కూతకు వచ్చేవాళ్ళలో నూటికి ఎనభై మంది కుడిచేతి వాటం వాళ్ళు. వాళ్ళ కుడి అంటే మాకు ఎడమ. అందుకని ఎడమ మూలవాడి మీదికే రద్దీ అంతా. కూతకు వచ్చినవాడి కళ్ళల్లోకి చూడకూడదు, కళ్ళు అబద్ధమాడతాయి. చేతులు అంతకంటే. మడమ చూడాలి. ఏ మడమ లేచి ఉందో, బరువు ఏ కాలి మీద ఉందో అది అబద్ధం చెప్పలేదు. కూత సాగుతూ సాగుతూ ఒకచోట సన్నబడుతుంది. దమ్ము అయిపోతోందని వాడికి తెలిసే క్షణం కంటే అర క్షణం ముందు మనకు తెలియాలి. వాడు వెనక్కి తిరగడానికి కాలు ఎత్తాలి కదా, ఎత్తిన ఆ కాలి చీలమండ మన చేతిలో ఉండాలి. అంతకు ముందే దూకితే తాకి పోతాడు. ఇప్పుడు మ్యాట్ మీద ఆడే పిల్లలు దాన్ని అడ్వాన్స్ టాకిల్ అని తిట్టుకుంటారు. మేం 'తొందరపాటు ముండాకొడుకు' అనేవాళ్ళం.

నా కుడిచేతి చిటికెన వేలు ఇప్పటికీ పక్కకి తిరిగి ఉంటుంది. పేపరు పట్టుకుంటే అడ్డం వస్తుంది. మోకాళ్ళ సంగతి వదిలేద్దాం.

మీ ఇంటిపేరు దగ్గరికి మళ్ళీ వస్తున్నాను. ఢిల్లీ అంచున హర్యానా వైపు నిజాంపూర్ అనే ఊరుంది. ఆ ఊరు కబడ్డీకి పెట్టింది పేరు. రాకేశ్ కుమార్ అక్కడివాడే, 2014లో ప్రో కబడ్డీ మొదటి వేలంలో అందరికంటే ఎక్కువ, 12 లక్షల 80 వేలు పలికినవాడు. అదే ఊళ్ళో మంజీత్ ఛిల్లర్, మోహిత్ ఛిల్లర్ అని ఇద్దరున్నారు. ఇద్దరూ కాపలాదార్లే. మంజీత్‌కి అర్జున అవార్డు వచ్చింది. ప్రో కబడ్డీలో పట్టుల లెక్క తీస్తే చాలా ఏళ్ళు అతని పేరు తర్వాతే ఎవరిదైనా. మీకూ వాళ్ళకీ చుట్టరికం అంటగట్టడం నా ఉద్దేశం కాదు. ఇంటిపేరు కలిస్తే పిల్లనివ్వకూడదనే దేశంలో పుట్టినవాణ్ణి కాబట్టి ఇంటిపేరు కలవగానే చెవులు నిక్కబొడుచుకుంటాయి, అంతే. ఒక ఛిల్లర్ నిజాంపూర్ మట్టిలో చీలమండ పట్టడం నేర్చుకున్నాడు, ఒక చిల్లర్ కాలిఫోర్నియా గడ్డి మీద నడుం పట్టడం నేర్చుకున్నాడు.

లెక్కల గురించి అడగాలని ఉంది. మీ ఆటలో బంతి విసరబోయేవాణ్ణి విసరకముందే పడేస్తే శాక్ అంటారట. దాన్ని అధికారికంగా లెక్కపెట్టడం మొదలైంది 1982లో, సరిగ్గా మీరు పుట్టిన ఏడు. ఆ మాటకు పేరు తెచ్చిన డీకన్ జోన్స్ మీ ర్యామ్స్‌లోనే ఆడాడు, 1960లలో. లెక్క మొదలయ్యేనాటికి ఆయన రిటైరైపోయాడు. అంటే ఆ పనికి పేరు పెట్టినవాడి పనే అధికారిక పుస్తకంలో లేదు! మా మునసబు గారి పొలానికి పాసుపుస్తకం లేకపోవడం లాంటిదిది. అప్పటిదాకా బంతి విసిరినవాడి గజాలు మాత్రం అంగుళంతో సహా రాసుకున్నారు కదా.

మా వాళ్ళు కాస్త ఆలస్యంగానైనా మంచి పనే చేశారు. ప్రో కబడ్డీ వచ్చాక పట్టుకు పట్టు లెక్క. ఒక మ్యాచ్‌లో పట్టులతో అయిదు పాయింట్లు తెస్తే హై ఫైవ్ అని టీవీలో అక్షరాలు మెరుస్తాయి. బరిలో ముగ్గురు లేక అంతకంటే తక్కువమంది మిగిలినప్పుడు పట్టేస్తే సూపర్ టాకిల్, రెండు పాయింట్లు. ఆ నియమం పెట్టిన మహానుభావుడెవరో గానీ ఎదురైతే పాదాలకి దణ్ణం పెడతాను. ఇద్దరం మిగిలినప్పుడు పట్టుకున్న పట్టుకీ ఏడుగురం ఉన్నప్పుడు పట్టుకున్న పట్టుకీ తేడా ఉందని మా కాలంలో ఎవరికి తోచింది?

డబ్బు కూడా కదిలింది. 2018 వేలంలో కబడ్డీ చరిత్రలో మొట్టమొదటిసారి కోటి రూపాయలు పలికిన ఆటగాడు కూతకు వెళ్ళేవాడు కాదు. ఇరాన్ వాడు ఫజల్ అత్రాచలి, ఎడమ మూల. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ పుట్టలేదు, ఎవరికీ పెళ్ళి కాలేదు, అయినా స్వీట్లు తెచ్చాను. మా ఆవిడ ఎందుకని అడిగితే 'ఎడమ మూలకి కోటొచ్చింది' అన్నాను. ఆ ఏడే జకార్తా ఆసియా క్రీడల్లో ఇరాన్ మనవాళ్ళని సెమీఫైనల్లో 27-18తో ఓడించింది. 1990 నుంచి వరసగా ఏడు స్వర్ణాలు తెచ్చిన జట్టును! అప్పుడు మాత్రం ఫజల్ మీద కోపమొచ్చింది.

మా తెలుగు టైటాన్స్ సంగతి చెబితే మీకు నవ్వొస్తుంది. 2023 వేలంలో రెండు కోట్ల అరవై లక్షలు పోసి పవన్ సెహ్రావత్‌ని తెచ్చుకున్నారు. గొప్ప కూతగాడు, వంక పెట్టడానికి లేదు. అదే వేలంలో పుణే వాళ్ళు రెండు కోట్ల ముప్పై అయిదు లక్షలకి ఇరాన్ వాడు షాద్లూయిని కొన్నారు, అతను కాచేవాడు. ఆ సీజన్‌లో టైటాన్స్ 22 ఆటల్లో రెండే గెలిచి అట్టడుగున నిలబడ్డారు. పుణే కప్పు కొట్టింది, అదీ మన హైదరాబాద్ గచ్చిబౌలిలో. మరుసటేడు షాద్లూయి హర్యానాకు మారాడు. ఆ ఏడు హర్యానా కప్పు కొట్టింది. ఆట ఒక్కడి వల్ల గెలవరని నాకూ తెలుసు, ముప్పై ఏళ్ళు పిల్లలకి అదే చెప్పాను. అయినా టైటాన్స్ యజమానులు ఈ పేరా వరకైనా చదివితే బాగుండు. ఇంకోటి, వాళ్ళ ఆటలు విశాఖలోనో హైదరాబాద్‌లోనో. మా బెజవాడలో దండమూడి రాజగోపాలరావు గారి పేరు మీద ఇండోర్ స్టేడియం ఉంది. బరువులెత్తిన మనిషి, 'నర్తనశాల'లో భీముడు వేసిన మనిషి. అంతటి భీముడి నీడలో ఒక్క సీజన్ ఒక్క వారం ఆడిస్తే ఏం పోయింది?

మీరు మా వైపు రాలేదని అనలేను. వచ్చారు. 2011 ఆగస్టులో ఇండియాలో అమెరికన్ ఫుట్‌బాల్ లీగు అని ప్రకటించినప్పుడు పెట్టుబడి పెట్టినవాళ్ళ జాబితాలో మీ పేరుంది. మైక్ డిట్కా, రాన్ జావోర్స్కీ లాంటి పెద్దల పక్కన. ఎలీట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా. మన తెలుగువాళ్ళకీ ఒక జట్టిచ్చారు, హైదరాబాద్ స్కైకింగ్స్. తీరా 2012లో తొలి సీజన్ ఆటలు కొలంబోలో ఆడించి, చిత్రీకరించి, తర్వాత టీవీలో వేశారు. ఫైనల్లో పుణే 6-0తో ఢిల్లీని ఓడించింది. ఆ స్కోరు చూసి మాత్రం మనసు నిండింది, కాచేవాళ్ళు గెలిపించిన ఆటన్నమాట. కానీ హైదరాబాద్ చొక్కా వేసుకున్నవాడు కొలంబోలో ఆడితే హైదరాబాద్‌లో ఎవరు ఈల వేస్తారు? ఆ లీగు ఇక్కడ వేళ్ళు పట్టలేదు. నారు పోసిన మడిలో కాకుండా నాటాల్సిన మడిలోనే నాట్లు వేయాలి. ఇది మా పాలేరు చెప్పిన మాట కాదు, నేనిప్పుడే కల్పించాను. అయినా నిజమే.

దీనిలో మీ తప్పేమీ లేదు. ఇరవై ఎనిమిదేళ్ళకే ఆట అయిపోయినవాడు రెండో జీవితం వెతుక్కోవడంలో తప్పేముంటుంది? ఇప్పుడు ఆ ఇరవై ఎనిమిదేళ్ళ దగ్గరికే వస్తున్నాను.

దానికి ముందు మా ఊరి వరద మాట ఒకటి. మా డెల్టా అంటేనే ఆపడం. 1855లో కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టారు, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. నీళ్ళని సముద్రంలోకి పోకుండా ఆపి కాలువల్లోకి తిప్పినందుకే మాకు అన్నం దొరికింది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, అన్నీ ఆ ఆపడంలోంచి పుట్టినవే. రోజూ ఆ బ్యారేజీ మీంచి తాడేపల్లికి స్కూటర్ మీద పోయేవాళ్ళం, కింద డెబ్భై గేట్లు నీళ్ళని ఆపుతున్నాయని ఎవడైనా తల తిప్పి చూశాడా? 2024 సెప్టెంబరు మొదట్లో రికార్డులు ఎన్నడూ ఎరగనంతగా పదకొండు లక్షల నలభై మూడు వేల క్యూసెక్కుల వరద వచ్చింది. పడవలు కొట్టుకొచ్చి గేట్ల బరువు దిమ్మెల్ని గుద్దాయి. అప్పుడు టీవీల నిండా గేట్లే. అటు బుడమేరు కట్టకి మూడు చోట్ల గండి పడి నీళ్ళు సింగ్ నగర్ మీదికొచ్చాయి. మా వీధిలో నడుంలోతు. మేడ మీద కొవ్వొత్తి వెలుగులో కూర్చుని, పడవలో వచ్చే పాల ప్యాకెట్ల కోసం చూస్తూ ఉంటే పక్కింటాయన అన్నాడు, 'ఇన్నేళ్ళు బుడమేరుకి కట్ట ఉందనే నాకు తెలీదు మాస్టారూ' అని.

ఆ మాట విన్నాక వరద గురించి ఆలోచించడం మానేసి ఎడమ మూల గురించి ఆలోచించాను. చెబితే పిచ్చివాడనుకుంటాడని ఆయనకి చెప్పలేదు. పద్నాలుగేళ్ళు నేను పట్టిన పట్టులు ఎవరికీ గుర్తు లేవు. గుడ్లవల్లేరులో ఒక కుర్రాడు నా చేతిలోంచి జారిపోయి మా జట్టు ఓడిన రోజు మాత్రం ఇప్పటికీ మా ఊరి రావిచెట్టు కింద చెప్పుకుంటారు.

మీకూ అలాంటి జారినవాడు ఒకడుంటాడు. పేరు చెప్పక్కర్లేదు.

2010 సీజన్‌లో భుజం దెబ్బతిని మీరు గాయాల జాబితాలోకి వెళ్ళిపోయారు. ఆ ఏడు ప్యాకర్స్‌లో పదిహేను మంది దాకా అలాగే పడిపోయారట. మీ పక్కన ఆడే నిక్ బార్నెట్, అతనూ లైన్‌బ్యాకరే, అతనూ పడిపోయాడు. మిగిలినవాళ్ళతోనే జట్టు సూపర్‌బౌల్‌కి వెళ్ళింది. అదీ ఎక్కడ, టెక్సస్ ఆర్లింగ్టన్‌లో, మా అబ్బాయి ఇంటి నుంచి గంట లోపు దారి. 2011 ఫిబ్రవరి 6. పిట్స్‌బర్గ్ మీద 31-25. ఆ ఆట మనవడు నాకు రెండుసార్లు చూపించాడు. కొలిన్స్ అనేవాడు ఎదుటివాళ్ళ బంతిని గాల్లోనే లాక్కుని పరుగెత్తి పాయింట్లు తెచ్చాడు. నాలుగో పాదం మొదట్లో మాథ్యూస్ గుద్దితే ఎదుటివాడి చేతిలోంచి బంతి జారి ఆట తిరిగిపోయింది. వుడ్సన్ అనే పెద్దాయన బంతిని అడ్డుకోబోయి పడి కాలర్ బోన్ విరగ్గొట్టుకుని మిగతా ఆటంతా పక్కనే ఉండిపోయాడు. అంతా అయ్యాక ఉత్తమ ఆటగాడి బహుమతి బంతి విసిరిన రాడ్జర్స్‌కి ఇచ్చారు. బాగా విసిరాడు, కాదనను.

నన్ను పట్టుకున్నది ఆట కాదు, ఆటకి ముందు జరిగిన ఒక చిన్న రభస. సూపర్‌బౌల్‌కి వెళ్ళే జట్టు ఫోటో తీయించుకుంటుంది కదా. గాయపడ్డవాళ్ళు ఊళ్ళోకి వచ్చే రోజు కంటే ముందే ఆ ఫోటో పెట్టారట. అంటే పదిహేను మంది లేకుండానే ఫోటో. బార్నెట్, గాయపడ్డ ఇంకో ఆటగాడు ఫిన్లీ బయటికే అనేశారు, మేం ఈ జట్టులో లేమా అని. గొడవయ్యాక ఫోటో శుక్రవారానికి మార్చారు, అందరూ ఉండేలా. మనవడు ఇదేదో తమాషా సంగతిలా చెప్పి తర్వాత వీడియోకి వెళ్ళిపోయాడు. నేను వాణ్ణి ఆపమన్నాను.

మా ఊరికి ఒకే ఒక్కసారి పెద్ద షీల్డు వచ్చింది. సంక్రాంతి పోటీలు, ఏ ఊళ్ళోనో చెప్పను, నిర్వహించినవాళ్ళ పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. సెమీఫైనల్ ఆఖరి కూత. ముగ్గురం మిగిలాం. వచ్చినవాడి కాలు అందింది, వదల్లేదు, వాడి బరువంతా నా భుజం మీద పడింది. లోపల చెరకుగడ విరిగినట్టు చప్పుడైంది. ఆట మాదే. బరి పక్కన ఒక డాక్టరూ లేడు, ఐసు ముక్కా లేదు. తువ్వాలుతో చెయ్యి మెడకి కట్టి, ఎడ్లబండి ఎక్కించి, కట్టు వైద్యుడి దగ్గరికి పంపించారు. మర్నాడు ఆయన గుడ్డు సొన పూసి వెదురు బద్దలు కడుతుండగా మా జట్టు ఫైనల్ గెలిచింది. వెయ్యి నూట పదహార్లు, ఒక షీల్డు. బందరు నుంచి ఫోటోగ్రాఫర్ని పిలిపించి అక్కడికక్కడే ఫోటో తీయించారు. ఆ ఫోటో మా ఊరి గ్రంథాలయంలో ఇప్పటికీ ఉంది. ముందు వరసలో షీల్డు పట్టుకుని మా కూతగాడు, ఇరుపక్కలా మిగతావాళ్ళు. పాతవాళ్ళు ఆరుగురు, నా బదులు ఆడిన కుర్రాడితో కలిపి ఏడుగురు. ఫోటో శుక్రవారానికి మార్చమనడానికి మాకు ఏ బార్నెట్టూ లేడు. నాకూ ఆ ఆలోచన రాలేదు. మీ సంగతి వినేదాకా అది అడగొచ్చని కూడా తెలీదు.

2011 జులైలో ప్యాకర్స్ మిమ్మల్ని వదిలేశారు. చేతికి ఉంగరం వచ్చింది, భుజం పోయింది. ఉంగరం పెట్టుకుంటారా ఎప్పుడైనా?

ఇంకో మాట అడక్క తప్పదు, మా కోడలి మొహం గుర్తొస్తుంటుంది. 2012లో జూనియర్ సియావ్ చనిపోయాడు. మీ చోటే ఆడినవాడు, ఇరవై ఏళ్ళు ఆడినవాడు. తనకు తానే ప్రాణం తీసుకున్నాడు. మెదడు పరీక్ష చేస్తే లోపలంతా దెబ్బతిని ఉందన్నారు. అంతకు పదేళ్ళ ముందే, 2002లో, మైక్ వెబ్‌స్టర్ అనే పాత ఆటగాడి మెదడులో బెన్నెట్ ఒమాలు అనే డాక్టరు ఆ జబ్బు పట్టుకుంటే మీ లీగు పెద్దలు ఆయన్ని నమ్మలేదు. నైజీరియా నుంచి వచ్చిన డాక్టరు. చివరికి 2013లో పాత ఆటగాళ్ళతో రాజీకి వచ్చి, మొదట 76 కోట్ల 50 లక్షల డాలర్లన్నారు, తర్వాత ఆ గరిష్ఠ పరిమితి కూడా తీసేశారు. ఆలస్యమే, అయినా లెక్క కట్టారు. తలతో గుద్దితే శిక్ష వేసే నియమాలు తెచ్చారు. మా మట్టి బరి మీద విరిగిన మోకాళ్ళకీ మెడలకీ రాజీ అడగడానికి ఎవరున్నారు? అటు పక్క పార్టీయే లేదు.

అందుకని నేనడిగేది ఇదీ. మళ్ళీ ఎప్పుడైనా ఇండియాకు ఏదో చేయాలనిపిస్తే లీగు తేకండి. మా దగ్గర ఆట ఉంది, కాచేవాళ్ళూ ఉన్నారు. తలని పక్కకి పెట్టి భుజంతో ఎలా పట్టాలో మీ వాళ్ళు ఇప్పుడు పిల్లలకి నేర్పుతున్నారట, ఆ నేర్పేవాణ్ణి ఒకణ్ణి పంపండి. సంక్రాంతికి పంపండి, ఉయ్యూరులోనో, కంకిపాడులోనో ఆడుతుంటారు. బరి పక్కన ఐసు డబ్బా, చెక్క స్ట్రెచరు, దెబ్బ తగిలినవాణ్ణి చూసి 'ఇంక వీడు ఆడకూడదు' అనే అధికారం ఉన్న ఒక మనిషి. ఆ మనిషి మాట షీల్డు కంటే పెద్దదని ఊరికి చెప్పడానికి అమెరికా నుంచి వచ్చినవాడు కావాలి మరి, డ్రిల్లు మాస్టారు చెబితే వినరు. నేను చెప్పి చూశాను.

మనవడికి ఏం చెప్పాలో మాత్రం మీరే చెప్పండి. ఆడమనాలా, మానమనాలా? మా కోడలు మానమంటోంది. మా అబ్బాయి, కాలేజీ సీటుకి పనికొస్తుందని చూస్తున్నాడు. నేను నోరు మెదపలేదు. మెదిపితే ఎడమ మూలవాడు మాట్లాడతాడని భయం.

అక్కడ శుక్రవారం రాత్రి ఏడైతే మాకు శనివారం తెల్లవారుజామున అయిదున్నర. వాళ్ళ స్కూలు ఆట ఫోనులో వస్తుంది. మా ఆవిడ లేవకముందే కాఫీ కలుపుకుని, వరద గుర్తు ఇంకా గోడ మీద కనిపిస్తున్న వసారాలో కూర్చుంటాను. బంతి ఎక్కడుందో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలీదు. వాడి మడమలు చూస్తాను. పోయిన వారం ఆట అయ్యాక అందరూ ఫోటో దిగారు. చెయ్యి కట్టు కట్టుకుని పక్కన నిలబడ్డ ఇంకో కుర్రాణ్ణి మనవడు వెళ్ళి చొక్కా పట్టుకుని లాక్కొచ్చాడు, ఫోటోలోకి.

ఇట్లు,
ఎడమ మూల,
సింగ్ నగర్, విజయవాడ.